కొత్త కారుకి ఆన్‌లైన్ బ్రోకర్: తిరుపతి, చిత్తూరు వాళ్లకి చివరికి మిగిలేదెంత?

ఫోన్‌లో ఏదో ఒక కారు ధర వెతగ్గానే "మీ ఊళ్లో ఈ నెల ఆఫర్ తెలుసుకోండి" అని ఒక బటన్ కనిపిస్తుంది. అది నొక్కి నంబర్ ఇస్తే కాసేపటికే కాల్స్ మొదలవుతాయి. రేణిగుంట రోడ్డులో షోరూమ్‌వాళ్లు 20 వేలు తగ్గిస్తామంటే, ఫోన్‌లో మనిషి 45 వేలు అంటాడు. ఆ మాట అబద్ధమా అంటే, చాలాసార్లు కాదు. ఆ 45 వేలు కొటేషన్‌లో ఒక గడిలో నిజంగానే ఉంటాయి. మిగతా గడుల్లోంచి ఎంత వెనక్కి పోయిందో చూస్తేనే బ్రోకర్ పనికొచ్చాడో లేదో తెలుస్తుంది.

ఆన్‌లైన్ బ్రోకర్ అంటే అందరూ ఒకటి కాదు. కార్‌దేఖో, కార్‌వాలే లాంటివి ధరలు, వేరియంట్లు చూపించి మన నంబర్‌ని డీలర్లకి చేరవేస్తాయి. అమ్మేది డీలరే, బేరం మనదే. రెండో రకం వాళ్లు బుకింగ్ కూడా తామే తీసుకుని, డీలర్ దగ్గర కారు కేటాయించి, ఇన్సూరెన్స్, లోన్ అన్నీ కలిపి ఒకే ధర చెప్తారు. మూడో రకం వాట్సాప్, టెలిగ్రామ్‌లలో నడిచే ఏజెంట్లు. చెన్నైలోనో బెంగళూరులోనో ఒక డీలర్‌తో ఒప్పందం ఉంటుంది, బండికింత అని కమీషన్. మొదటి రకం ధర తెలుసుకోవడానికి బాగా పనికొస్తుంది. రెండో రకం మన ఊరికి సేవ ఉంటే పరిశీలించదగ్గదే. మూడో రకం జోలికి, ఎంత తగ్గిస్తామన్నా, వెళ్లకపోవడమే మంచిది. కారణాలు కింద వస్తాయి.

ముందు అసలు డిస్కౌంట్ ఎక్కణ్నుంచి వస్తుందో చూడాలి. ఒక భాగం కారు కంపెనీది: నగదు తగ్గింపు, ఎక్స్చేంజ్ బోనస్, కార్పొరేట్ బోనస్, స్క్రాపేజ్ బోనస్ (పాత బండిని తుక్కుకి ఇస్తే వచ్చేది). ఇవి ఒకే ప్రాంతంలోని డీలర్లందరికీ దాదాపు ఒకటే. వీటిని బ్రోకర్ పుట్టించలేడు, పెంచలేడు. రెండో భాగం డీలర్ తన మార్జిన్లోంచి వదులుకునేది. బ్రోకర్ చెయ్యగలిగిందల్లా ఇక్కడే. నెలాఖరుకి టార్గెట్ చేరడానికి నాలుగు బళ్లు తక్కువైన డీలర్ ఎక్కడున్నాడో బ్రోకర్‌కి తెలుస్తుంది, మనకి తెలియదు. ఆ సమాచారానికి విలువ ఉంది, కాదనలేం.

అయితే ప్రకటనలో "70,000 వరకు" అని రాసినప్పుడు ఆ "వరకు" అన్న మాట దగ్గర ఆగాలి. అందులో అన్ని బోనస్‌లూ కలిపేసి ఉంటారు. కార్పొరేట్ బోనస్‌కి ఉద్యోగి గుర్తింపు కార్డు కావాలి. ఎక్స్చేంజ్‌కి పాత బండి ఆర్సీ కొనేవాళ్ల పేరు మీదో కుటుంబ సభ్యుల పేరు మీదో ఉండాలి. స్క్రాపేజ్‌కి గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రం ఇచ్చిన డిపాజిట్ సర్టిఫికెట్ చూపాలి. ఇవేవీ లేనివాళ్లకి 70 వేలు కాస్తా 25 వేలకి దిగుతుంది. "కార్డు మేం చూసుకుంటాం సార్" అని ఏజెంట్ అన్నాడంటే వేరేవాళ్ల కార్డు పెడతాడని అర్థం. కంపెనీ ఆడిట్‌లో అది బయటపడితే డీలర్ ఆ మొత్తాన్ని కొన్నవాళ్లనే తిరిగి కట్టమంటాడు. అప్పటికి ఏజెంట్ ఫోన్ ఎత్తడు.

ఇంకొకటి: 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ లోపు, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఇంజిన్ ఉన్నవాటికి ఇది వర్తిస్తుంది. పెద్ద కార్లకి 40 శాతం. పాత ధరని పక్కన కొట్టేసి చూపించి, పన్ను తగ్గిన మొత్తాన్ని కూడా తమ తగ్గింపులో కలిపే పేజీలు ఉన్నాయి. కాబట్టి కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఈ రోజు ఎక్స్‌షోరూమ్ ధర (లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని ధర) ఎంతో చూసి, అక్కణ్నుంచే లెక్క మొదలుపెట్టాలి.

ఇప్పుడొక లెక్క వేద్దాం. ఎక్స్‌షోరూమ్ 9,00,000 ఉన్న కారు అనుకోండి. లైఫ్ ట్యాక్స్ (రాష్ట్రానికి ఒకేసారి కట్టే రోడ్డు పన్ను), రిజిస్ట్రేషన్ రుసుము రెండు వైపులా ఒకటే కాబట్టి పక్కన పెడదాం. స్థానిక షోరూమ్ 20,000 తగ్గించింది, ఇన్సూరెన్స్ బయట తెచ్చుకోవడానికి ఒప్పుకుంది. బయట పాలసీ 34,000. మొత్తం 9,14,000. బ్రోకర్ 45,000 తగ్గించాడు, కానీ ఇన్సూరెన్స్ తమ దగ్గరే తీసుకోవాలన్నాడు, అది 49,000. మ్యాట్లు, సీట్ కవర్లు, మడ్ ఫ్లాపులు కలిపిన యాక్సెసరీల కిట్ 15,000, వద్దంటే కుదరదు. బండి చెన్నైలో ఉంది. వెళ్లి తెచ్చుకోవడానికి, టెంపరరీ రిజిస్ట్రేషన్‌కి, డీజిల్‌కి, డ్రైవర్‌కి కలిపి 6,000. మొత్తం 9,25,000. తగ్గింపు 25 వేలు ఎక్కువ ఇచ్చినవాడి దగ్గర బండి 11 వేలు ఎక్కువ పడింది. ఈ అంకెలు ఉదాహరణకే, కానీ కొటేషన్లలో డబ్బు తిరిగి వెనక్కి వెళ్లే దారులు ముఖ్యంగా మూడు: ఇన్సూరెన్స్, కిట్, లోన్.

వీటిలో పెద్ద దారి ఇన్సూరెన్స్. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి), కనీసం ఏడాది ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి) కలిపి పాలసీ ఇస్తారు. థర్డ్ పార్టీ ప్రీమియం ఎవరి దగ్గరైనా ఒకటే. 2022 జూన్‌లో నిర్ణయించిన రేట్ల ప్రకారం మూడేళ్లకి 1000 సీసీ లోపు 6,521 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ వరకు 10,640, ఆపైన 24,596, వీటిమీద జీఎస్టీ. తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లోను, అదనంగా కొనే కవర్లలోను (యాడ్ ఆన్‌లు) ఉంటుంది. డీలర్ దగ్గరే పాలసీ తీసుకోవాలన్న నిబంధన ఏ చట్టంలోనూ లేదు. బ్రోకర్ "మా ఇన్సూరెన్స్ అయితేనే ఈ ధర" అంటే అది వ్యాపార షరతు మాత్రమే. ఒప్పుకోవచ్చు, కానీ ఆ షరతు ఖరీదెంతో తెలుసుకుని ఒప్పుకోవాలి.

రెండు పాలసీలు పోల్చేటప్పుడు ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టే విలువ, ఒకటే ఉండాలి. కొత్త బండికి ఐడీవీ ఎక్స్‌షోరూమ్ ధరలో 95 శాతం, అంటే 9 లక్షల కారుకి 8,55,000. కొటేషన్‌లో అది 7,70,000 అని ఉంటే ప్రీమియం తక్కువ కనిపిస్తుంది. బండి దొంగతనానికి గురైనా, పూర్తిగా పాడైనా 85 వేలు తక్కువ చేతికొస్తుంది. యాడ్ ఆన్‌లలో జీరో డిప్రిసియేషన్ (మార్చిన విడిభాగాల ధరలో తరుగు కోయకుండా ఇచ్చేది) కొత్త కారుకి తప్పకుండా ఉండాలి. ఇంజిన్ ప్రొటెక్షన్ గురించి తిరుపతివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2021 నవంబర్ వానలకి వీధుల్లో బళ్లు నీళ్లలో ఎలా నిలబడ్డాయో ఊరంతా చూసింది. నీళ్లు లోపలికెళ్లిన ఇంజిన్‌ని స్టార్ట్ చేస్తే కలిగే నష్టాన్ని మామూలు పాలసీ భరించదు. ఇక తాళంచెవి పోతే ఇచ్చే కవర్, టైర్ కవర్, సామాను కవర్ లాంటివి ఒక్కొక్కటిగా విడదీసి ధర అడగండి, వద్దన్నవి తీసేయించండి. యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఇంతకు ముందే వేరే పాలసీలో ఉంటే దాన్ని మళ్లీ కట్టక్కర్లేదు.

లోన్ సంగతి. 8 లక్షల అప్పు అయిదేళ్లకి 9 శాతం వడ్డీతో నెలకి 16,607 పడుతుంది. 9.5 శాతం అయితే 16,801. తేడా నెలకి 195 కూడా లేదనిపిస్తుంది, 60 నెలలకి అది 11,700 దాకా అవుతుంది. అందుకే బ్రోకర్ తెచ్చిన లోన్ వడ్డీని మన జీతం ఖాతా ఉన్న బ్యాంకు వడ్డీతో పోల్చాలి. "6 శాతమే" అని ఎవరైనా అన్నారంటే అది ఫ్లాట్ రేటా, అంటే మొదట తీసుకున్న అప్పు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారా అని అడగండి. అయిదేళ్ల అప్పుకి 6 శాతం ఫ్లాట్ అంటే తగ్గుతున్న అసలు మీద దాదాపు 10.8 శాతంతో సమానం. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే పడే చార్జీ కాగితం మీద ఉండాలి.

కొటేషన్‌లో మిగతా గడులు త్వరగా చూసేయొచ్చు. హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్ అని రాస్తే కొట్టేయించండి. బండి షోరూమ్‌దాకా రావడం డీలర్ పని, ఎక్స్‌షోరూమ్ ధర అంటే అర్థం అదే. హైసెక్యూరిటీ నంబర్ ప్లేటు 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకి తయారీదారే ఇవ్వాలి. ఫాస్టాగ్ పేరుతో వేలల్లో వేస్తే ప్రశ్నించండి. ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) పడుతుంది. అది ఖర్చు కాదు, పాన్ నంబర్ ఇచ్చి ఉంటే మన ఆదాయపు పన్ను వివరాల్లో కనిపిస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు. దాన్ని కలిపి ఒకరు, కలపకుండా ఒకరు ధర చెప్తే పోలిక తప్పుతుంది.

లైఫ్ ట్యాక్స్ దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆన్‌లైన్ ధరలు తరచుగా తప్పేది ఇక్కడే. ఊరు తిరుపతి అని ఎంచుకున్నా, వెనకాల హైదరాబాద్ ధరో చెన్నై ధరో చూపించేవి ఉన్నాయి. ఎక్స్‌షోరూమ్ ధర దాదాపు ఒకటే కాబట్టి తేడా తెలియదు, పన్నులు, ఇన్సూరెన్స్ అన్నీ కలిసిన ఆన్‌రోడ్ ధర మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో సవరించిన శ్లాబుల ప్రకారం 5 నుంచి 10 లక్షల కారుకి 14 శాతం, 10 నుంచి 20 లక్షల వరకు 17 శాతం. కొటేషన్‌లో పన్ను అంకెని ధరతో భాగించి శాతం చూడండి, ఏ రాష్ట్రం లెక్కో బయటపడుతుంది. పిన్‌కోడ్ అడిగే చోట తిరుపతికి 517501, చిత్తూరుకి 517001 అని ఇచ్చి, వచ్చిన డీలర్ పేరు, ఊరు చదవండి.

ఇక మన జిల్లాల ప్రత్యేక సమస్య: చుట్టూ పెద్ద ఊళ్లు. సూళ్లూరుపేట, నగరి వాళ్లకి చెన్నై దగ్గర, చిత్తూరుకి వేలూరు దగ్గర, కుప్పం వాళ్లకి బెంగళూరు దగ్గర. అక్కడ పోటీ ఎక్కువ కాబట్టి డీలర్ వదిలే మార్జిన్ కూడా ఎక్కువే, బ్రోకర్లు అక్కడి బండే అంటగడతారు. ఇందులో అక్రమం ఏమీ లేదు. అక్కడ కొని టెంపరరీ రిజిస్ట్రేషన్‌తో తెచ్చుకుని, ఇక్కడ రవాణా శాఖ కార్యాలయంలో లైఫ్ ట్యాక్స్ కట్టి శాశ్వత నంబర్ తీసుకోవచ్చు. కానీ మోటారు వాహనాల చట్టం ప్రకారం మనం ఉండే రాష్ట్రంలోనే రిజిస్టర్ చేయించాలి. చెన్నైలో చుట్టాల చిరునామాతో నంబర్ వేయిస్తే తర్వాత మన తలకే చుట్టుకుంటుంది. స్థానిక షోరూమ్‌లో కొంటే రిజిస్ట్రేషన్ పని అంతా డీలరే చేసిపెడతాడు, ఏపీ 39తో మొదలైన ఉమ్మడి సిరీస్‌లలో నంబర్ వచ్చేస్తుంది. బయట కొన్న బండికి రిజిస్ట్రేషన్ దరఖాస్తు ఫారం 20, అమ్మకపు సర్టిఫికెట్ ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22, ఇన్‌వాయిస్, ఇన్సూరెన్స్, టెంపరరీ రిజిస్ట్రేషన్, అప్పు ఉంటే దాని కాగితాలు పట్టుకుని మనమే తిరగాలి. నంబర్ వచ్చాక ప్లేటు ఎవరు తెప్పించి ఎవరు బిగిస్తారో కొనకముందే రాతపూర్వకంగా తీసుకోండి. చాలామంది మర్చిపోయేది ఇదే, దీనికోసమే ఇంకో ప్రయాణం పడుతుంది. తేడా 20 వేలు దాటకపోతే బయటి బండి ప్రయాసకి తగదు. వారంటీ గురించి మాత్రం భయపడక్కర్లేదు, కంపెనీ ఆథరైజ్డ్ వర్క్‌షాప్ ఏ ఊళ్లో ఉన్నా చెల్లుతుంది.

పెద్ద తగ్గింపు వెనక తరచుగా ఉండేది పాత స్టాక్. యార్డులో ఎండకి ఆరేడు నెలలు నిలబడిన బండిని డీలర్ ఎలాగైనా వదిలించుకోవాలి. బ్రోకర్‌కి అలాంటి బండి దొరకడమే సులువు. కొనకూడదని కాదు, తయారైన నెల తెలిసి కొనాలి. ఛాసిస్ నంబర్‌లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. చాలా కంపెనీలకి అందులో పదో స్థానం తయారీ సంవత్సరం: ఆర్ అయితే 2024, ఎస్ అయితే 2025, టి అయితే 2026. నెల, సంవత్సరం ఫారం 21లో కూడా రాస్తారు, ఆర్సీలోకి అదే ఎక్కుతుంది. డిసెంబర్‌లో తయారైన బండిని జనవరిలో కొంటే అమ్మేటప్పుడు అది ఏడాది పాతదిగానే లెక్కకొస్తుంది. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందు "ఛాసిస్ నంబర్ పంపండి" అని అడగాలి. పంపనివాళ్లకి డబ్బు పంపొద్దు.

సమయం కూడా డబ్బే ఇక్కడ. ఆషాఢంలో మనవాళ్లు బండి కొనరు, షోరూమ్‌లు ఖాళీగా ఉంటాయి, బేరం బాగా కుదురుతుంది. డిసెంబర్ రెండో సగంలో ధనుర్మాసం, సంవత్సరాంతపు స్టాక్ రెండూ కలిసి వస్తాయి. మార్చి నెలాఖరు కూడా మంచిదే. శ్రావణం, దసరా, ధనత్రయోదశి, ఉగాది రోజుల్లో ఏ బ్రోకరూ పెద్దగా తేలేడు. ముహూర్తం పట్టింపు ఉన్నవాళ్లు ఆషాఢంలో ధర రాయించుకుని, శ్రావణంలో డెలివరీ తీసుకోవచ్చు. ఆ ధర ఏ తేదీ దాకా చెల్లుతుందో, మధ్యలో కంపెనీ ధర పెంచితే ఎవరు భరిస్తారో బుకింగ్ ఫారంలో ఉండాలి.

బుకింగ్ డబ్బు డీలర్ కంపెనీ పేరు మీదున్న ఖాతాకే పంపాలి, లేదా కారు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కట్టాలి. ఏజెంట్ వ్యక్తిగత ఫోన్ నంబర్‌కి, క్యూఆర్ కోడ్‌కి పంపిన డబ్బు బుకింగ్ కాదు. వాట్సాప్ ఏజెంట్లు వద్దనడానికి అసలు కారణం ఇదే: రసీదు ఉండదు, డీలర్ దగ్గర మన పేరే ఉండదు, రద్దు చేసుకుంటే అడగడానికి చిరునామా ఉండదు. బుకింగ్ తీసుకునే వెబ్‌సైట్ల దగ్గర రద్దు షరతులు చదవండి: ఎన్ని రోజుల్లో ఎంత వెనక్కిస్తారు, బండి కేటాయించాక ఎంత కోస్తారు. "డెలివరీ అయ్యాక మీ ఖాతాలో 10 వేలు వేస్తాం" లాంటి మాటని తగ్గింపుగా లెక్కించొద్దు. ఇన్‌వాయిస్‌లో ధరలోంచి తీసి చూపించినదే తగ్గింపు, జీఎస్టీ కూడా ఆ తగ్గిన ధర మీదే పడుతుంది.

మరి ఈ సేవలని ఎలా వాడుకోవాలి? వేరియంట్, రంగు ముందే ఖాయం చేసుకోండి. ఇల్లంతా వాడే నంబర్ ఇవ్వకుండా వేరే సిమ్ ఇవ్వండి. ఒక్కసారి ఇచ్చిన నంబర్‌కి వారాల తరబడి కాల్స్ వస్తాయి, వద్దన్న కాల్స్ మీద ఫిర్యాదు తీసుకునే 1909కి చెప్పినా అన్నీ ఆగవు. ఇద్దరు ముగ్గురు బ్రోకర్ల దగ్గర నోటిమాట కాకుండా విడివిడి గడులతో కొటేషన్ తీసుకోండి. దాంట్లో ఇన్సూరెన్స్, కిట్ తీసేసి "ఎక్స్‌షోరూమ్‌లోంచి నికరంగా ఎంత తగ్గుతుంది" అన్న ఒక్క అంకె రాసుకోండి. ఆ కాగితంతో నెల చివరి వారంలో మన ఊరి షోరూమ్‌కి వెళ్లి, సేల్స్ ఎగ్జిక్యూటివ్‌తో కాకుండా మేనేజర్‌తో మాట్లాడండి. "ఇది నాకు బయట వస్తోంది, ఇన్సూరెన్స్ నేనే తెచ్చుకుంటాను, కిట్ వద్దు, ఇందులో మీరెంత కలుపుతారు?" అంతే. స్థానిక డీలర్ పూర్తిగా సరితూగకపోయినా చాలా దగ్గరికి వస్తాడు, ఎందుకంటే రేపటి సర్వీసింగ్ ఆదాయం కూడా అతనికి లెక్కే. పాత బండి ఎక్స్చేంజ్ ఉంటే దాని ధర విడిగా బయట కనుక్కుని రావాలి. 30 వేల బోనస్ ఇచ్చి పాత బండి విలువ 40 వేలు తగ్గిస్తే ఏం లాభం?

వెబ్‌సైట్‌తో తేడా వస్తే ముందు వాళ్ల గ్రీవెన్స్ అధికారికి రాయాలి. 2020 ఈకామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. దానికి ఆధారాలు కావాలి కాబట్టి కాల్‌లో చెప్పిన ప్రతి అంకెనీ "మీరు ఇలా అన్నారు, సరేనా" అని అదే రోజు మెసేజ్‌గా పంపి జవాబు తీసుకోండి.

బండి తనిఖీ ఇన్‌వాయిస్ కొట్టకముందే, ఇన్సూరెన్స్ చేయించకముందే జరగాలి. ఒకసారి మన పేరు ఎక్కాక గీతలున్న బండిని వద్దనడం చాలా కష్టం. పగటి వెలుతురులో, కడగకముందు చూడండి. ఛాసిస్ నంబర్ కాగితంతో సరిపోవాలి. టైర్ పక్కన నాలుగు అంకెలుంటాయి, 3225 అంటే 2025లో 32వ వారం; స్టెప్నీతో సహా అయిదూ దగ్గరదగ్గర తేదీలే ఉండాలి. కిలోమీటర్లు 50 లోపుంటే మంచిది. రోడ్డు మీద నడిపించి తెచ్చిన బండైతే దూరం ఎంతో ముందే చెప్పి ఉండాలి. తలుపుల అంచుల్లో, బంపర్ మూలల్లో రంగు తేడా, అద్దాల మీద కోడ్‌లు, బ్యాటరీ తేదీ, జాకీ, పానా, రెండు తాళంచెవులు, ఏసీ, అన్ని లైట్లు చూడండి. అన్నీ సరిగ్గా ఉంటేనే మిగతా డబ్బు కట్టి, టెంకాయ కొట్టి కాణిపాకం దారి పట్టండి.